చివర కనబడ్డవాడే దొంగ

పాలల్లో చుక్క నీళ్ళు కలపని మనిషికి, నీళ్ళు కలుపుతుందన్న పేరు తెచ్చిపెట్టాను నేను. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ గేదెనీ చూడలేదు. ఆ ఊరి పొలిమేర కూడా తొక్కలేదు. హైదరాబాదులో కుర్చీలో కూచుని, కాఫీ తాగుతూ, ఇంత పని చేశాను. ఎలాగంటారా? అదే చెప్పబోతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే మా వారు, "పగలు తప్పులు రాస్తుంది, రాత్రి దిద్దుతుంది" అంటారు. హాస్యానికి అన్నా అందులో నిజం లేకపోలేదు.

2024 శ్రావణమాసం ముందు సంగతి ఇది. ఒక పాల సంఘానికి లెక్కల ప్రోగ్రాము రాసిచ్చాం. పాలు పోసేవాళ్ళకి పదిహేను రోజులకోసారి డబ్బు కట్టాలి కదా. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, సగటున వెన్న శాతం ఎంత వచ్చింది, దాణా బాకీ కింద ఎంత పట్టుకోవాలి, చేతికి ఎంత ఇవ్వాలి - మనిషికో వరస. సభ్యులు నాలుగు వందల పైచిలుకు. ప్రోగ్రాము రాత్రి దానంతట అదే నడుస్తుంది. వరసలన్నీ ఒక ఫైల్లో పడతాయి. పొద్దున సెక్రటరీ గారు ఆ ఫైలు చూసి డబ్బు బ్యాంకుకి పంపిస్తారు.

ఫైల్లో పడటమంటే ఏమిటో చెప్పాలి. ప్రోగ్రాము ఏ మాట చెప్పినా మామూలుగా తెర మీద చెబుతుంది. తెర మీద వద్దు, ఫైల్లో రాయమంటే దాని పేరు పక్కన ఒక బాణం గుర్తూ, ఆ గుర్తు తరవాత ఫైలు పేరూ రాస్తే చాలు. కాలవ మీద ఒక తూము మూసి ఇంకో తూము ఎత్తినట్టు, మాట అటు తిరుగుతుంది. 1971 నాటి మొదటి యూనిక్స్ లోనే ఉందీ సదుపాయం. యాభై ఏళ్ళు దాటినా ఆ బాణం గుర్తు అలాగే ఉంది. తూము ఎత్తడం పసిపిల్లలకి కూడా వస్తుంది. నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో కనుక్కోవడమే కష్టం.

రెండో పక్షం లెక్క రాత్రి ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయింది. పొద్దున ఫైలు తెరిస్తే 204 మంది వరసలు శుభ్రంగా ఉన్నాయి. 205వ నంబరు దగ్గర సగం వరస రాసి, మాట మధ్యలో నాలిక కరుచుకున్నట్టు తెగిపోయింది. ఆ తరవాత అంతా శూన్యం.

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు. చురుకైనవాడు. "మేడమ్, 205 ఖాతాలో ఏదో తేడా ఉంది. అక్కడే పడిపోయింది" అన్నాడు. నేను వేరే పనిలో ఉన్నాను. తల కూడా ఎత్తకుండా, "అలా అయితే దాన్ని పక్కన పెట్టి మిగతావి నడిపించు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత కావాలి.

205ని పక్కన పెట్టాడు. మళ్ళీ నడిపాడు. ఈసారి 206 దగ్గర తెగింది. దాన్నీ తీశాడు. 207 దగ్గర తెగింది. దాన్నీ తీశాడు. 208. అప్పుడొచ్చి నా బల్ల దగ్గర నిలబడి, "మేడమ్, ఆ ఊళ్ళో అందరి ఖాతాల్లోనూ తేడాలున్నట్టున్నాయి" అన్నాడు.

నవ్వాను. నవ్వాల్సిన విషయం కాదని మధ్యాహ్నం తెలిసింది. ఈ మూడు నంబర్లూ వాడు ఫోన్లో సెక్రటరీ గారికి చెప్పాడు. ఆయన పాల కేంద్రం గోడ మీద కాగితం అంటించారు. ఫలానా మూడు ఖాతాల్లో తేడా వచ్చినందువల్ల ఈసారి డబ్బు ఆలస్యమవుతుందని. మనకి తేడా అంటే తేడా. పాల కేంద్రంలో తేడా అంటే ఒకటే అర్థం. నీళ్ళు! పైగా వీళ్ళ మూలంగా మా అందరి డబ్బూ ఆగిందని ఊరంతా గుర్రు. వరలక్ష్మీ వ్రతం నెత్తి మీద ఉంది. మర్నాడు పొద్దున 205 నంబరావిడ క్యాను తీసుకుని వెళ్తే వరసలో ముందున్నావిడ తన క్యాను కొంచెం పక్కకి జరుపుకుందట. ఒక్క మాట ఎవరూ అనలేదు. అనక్కర్లేదు కదా!

ఇవన్నీ సెక్రటరీ గారు ఫోన్లో చెప్పి, "ముప్ఫై ఏళ్ళ నించి పోస్తున్న మనిషమ్మా. ఎప్పుడూ మాట రాలేదు" అన్నారు. నా గుండెలో రాయి పడింది. చేతిలో పని పక్కన పడేసి కూచున్నాను.

ప్రోగ్రాముల్లో తప్పుని పురుగు అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఎడిసన్ కాలం నించీ ఇంజనీర్లు వాడుతున్న మాటే. అయితే 1947 సెప్టెంబరులో హార్వర్డ్ వాళ్ళ మార్క్ టూ యంత్రంలో నిజంగానే ఒక రెక్కల పురుగు దొరికితే దాన్ని దినచర్య పుస్తకంలో అతికించి పెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ పురుగులు వెతికే పనిముట్టుని డిబగ్గర్ అంటారు. నేను వాడేది జీడీబీ. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసింది. ప్రోగ్రాముని తన చేతుల్లో నడిపిస్తుంది. అది ప్రాణం వదలబోయే క్షణంలో పట్టుకుని ఆపి, "ఏ వరసలో ఉన్నావు? చేతిలో ఏముంది?" అని అడగనిస్తుంది. డాక్టరూ అదే, పోలీసూ అదే.

సరే, సంఘం వాళ్ళ లెక్కలు తెప్పించుకుని జీడీబీ తెరిచాను. రాత్రి ఫైల్లోకి ఎలా నడిచిందో అచ్చం అలాగే నడిపించాలి కదా అని, అలవాటు కొద్దీ జీడీబీ పేరు పక్కనే బాణం గుర్తు పెట్టి ఫైలు పేరు రాశాను. అంతే! తెర మూగబోయింది. నేను టైపు చేస్తూనే ఉన్నాను, జవాబు మాత్రం లేదు. పలకరిస్తే పలకని అత్తగారిలా కూచుంది. ఐదు నిమిషాల తరవాత వెలిగింది. నేను తూము ఎత్తింది ప్రోగ్రాముకి కాదు, జీడీబీకి. దాని ప్రశ్నలూ జవాబులూ అన్నీ పోయి ఫైల్లో పడుతున్నాయి. పాపం, అది మాట్లాడుతూనే ఉంది, నాకే వినబడటం లేదు.

రెండోసారి తెలివిగా, జీడీబీలోనే ఉన్న చిట్టా సదుపాయం వాడాను. సెట్ లాగింగ్ ఆన్ అని చెబితే మాటలన్నీ జీడీబీ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్లో రాసిపెడుతుంది. (2022లో వచ్చిన పన్నెండో రకం నించి ఈ ఆజ్ఞలో ఒక మాట పెరిగింది. సెట్ లాగింగ్ ఎనేబుల్డ్ ఆన్ అనాలి. పేర్లు మార్చకపోతే వీళ్ళకి తోచదు.) తీరా చూస్తే ఆ ఫైల్లో జీడీబీ తన గొడవ మాత్రమే రాసుకుంది. ప్రోగ్రాము చెప్పిన వరస ఒక్కటి లేదు. అవును మరి! గుమస్తా తన మాటలు రాసుకుంటాడు గాని పక్కగదిలో వాళ్ళ మాటలు ఎందుకు రాస్తాడు? ప్రోగ్రాము తిన్నగా తెర మీదే మాట్లాడుతోంది. ఒకే తెర మీద ఇద్దరూ. మా హాల్లో టీవీ సీరియలూ మా ఆడపడుచు ఫోనూ కలిసినట్టు.

కానీ ఆ గందరగోళంలోనే ఒక వింత కనబడింది. తెర మీద వరసలు జరజరా దిగి 270 దగ్గర ఆగాయి. 271 పూర్తి చెయ్యబోతూ ప్రోగ్రాము పడిపోయిందని జీడీబీ చెబుతోంది. అదేమిటి? రాత్రి ఫైల్లో 205 దగ్గర కదా తెగింది? అవే లెక్కలు, అదే ప్రోగ్రాము. తెర మీద 270, ఫైల్లో 205!

మూడోసారి సవ్యంగా చేశాను. జీడీబీలోకి వెళ్ళాక, రన్ అనే ఆజ్ఞ పక్కన బాణం గుర్తు పెట్టాలి. అప్పుడు తూము ఎత్తింది ప్రోగ్రాముకి. జీడీబీ తెర మీదే ఉంటుంది. నడిచింది. పడబోయింది. జీడీబీ పట్టుకుంది. ఎక్కడ ఉన్నావంటే 271 అంది. ప్రోగ్రామింకా దాని చేతుల్లోనే ఉంది, పూర్తిగా పోలేదు. పక్క కిటికీలో ఫైలు తెరిచి చూద్దును కదా, 205 దగ్గర సగంలో తెగి ఉంది.

ఫైలు బరువు చూశాను. సరిగ్గా 8192 బైట్లు. అప్పుడు తల మీద మొట్టికాయ వేసినట్టయింది.

మీ ఇంట్లో వీధి కుళాయి నించి నీళ్ళు మోస్తారనుకోండి. దాహంతో ఎవరైనా వాకిట్లో నిలబడి ఉంటే గ్లాసుడు గ్లాసుడు తెచ్చి ఇస్తారు. ఎవరూ లేకపోతే బిందె నిండేదాకా ఆగి ఒక్కసారే మోస్తారు. గ్లాసుడు నీళ్ళకి అన్నిసార్లు ఎవరు తిరుగుతారు? సీ భాషలో ప్రోగ్రామూ అంతే. తన మాట తెర మీదకి వెళుతోందంటే, అవతల మనిషి కూచుని చూస్తున్నాడని, వరస పూర్తి కాగానే ఇచ్చేస్తుంది. ఫైల్లోకి వెళుతోందంటే, చూసేవాడెవడూ లేడుగా అని, బిందె నిండేదాకా తనలోనే దాచుకుంటుంది. మా యంత్రంలో బిందె 4096 బైట్లది. రెండు బిందెలు పోస్తే 8192. మా వరస ఒక్కొక్కటి 40 అక్షరాలు. 204 వరసలకి 8160. ఇంకా 32 అక్షరాలు పట్టాయి. అంటే 205వ వరసలో ముప్పాతిక పైనే! 205ని తీసేస్తే ఆ చోట్లోకి 206 వచ్చి కూచుంటుంది. ఎవరిని తీసినా 205వ చోట నిలబడ్డవాడికి కత్తివేటు తప్పదు. ఆ చోటుదే పాపం గాని, మనిషిది కాదు.

మూడో బిందె నిండకుండానే ప్రోగ్రాము పడిపోయింది. అలా పడిపోయినప్పుడు బిందెలో నీళ్ళు బిందెతోనే పోతాయి. 205వ వరసలో చివరి ఎనిమిది అక్షరాలూ, ఆ తరవాత అరవై అయిదు మంది వరసలూ కడుపులో పెట్టుకునే పోయింది.

కానీ ఇప్పుడు పోలేదుగా! జీడీబీ చేతిలో ఊపిరితో ఉంది. దాని చేత ఎఫ్‌ఫ్లష్ అనే పని చేయించమని జీడీబీకి చెప్పాను. అంటే, దాచుకున్నదంతా ఇప్పుడే పొయ్యి అని. పక్క కిటికీలో ఫైలు మళ్ళీ తెరిచాను. 205 నిండింది. 206, 207, 208... 270. అందరూ వచ్చేశారు. ఎవరి ఖాతాలోనూ ఏ తేడా లేదు.

మరి 271? ఆ ఇంటి గేదె వట్టిపోయింది. పదిహేను రోజులూ ఒక్క చుక్క పోయలేదు. లీటర్లు సున్నా. సగటు వెన్న కట్టడానికి నా ప్రోగ్రాము సున్నాతో భాగించబోయింది. పూర్ణాంకాలని సున్నాతో భాగిస్తే యంత్రం ప్రోగ్రాముని అక్కడికక్కడే పడగొడుతుంది. (అప్పుడొచ్చే సందేశంలో దశాంశాల లెక్క తప్పిందని ఉంటుంది. అందులో దశాంశాలు లేకపోయినా సరే. నింద ఒకరిది, పేరొకరిది అన్నమాట.) అంతకు ముందు పక్షంలో అందరూ ఎంతో కొంత పోశారు కనక బయటపడలేదు. గేదె వట్టిపోవడం తప్పు కాదు. గేదెలు వట్టిపోతాయన్న సంగతి ప్రోగ్రాము రాసిన మహాతల్లికి తట్టకపోవడం తప్పు.

బాగు చెయ్యడం పది నిమిషాలు. సున్నా ఉంటే భాగించవద్దని ఒక వరస. ప్రతి మనిషి లెక్కా కాగానే బిందె ఒంపెయ్యమని ఒక వరస. ఇంకొకటి కూడా చేశాను. లోకంలో తప్పులు చెప్పుకోవడానికి వేరే కాలవ ఉంది. ప్రోగ్రాముకి మాట్లాడే దారులు రెండు. ఒకటో నంబరు మామూలు మాటలకి. రెండో నంబరు తప్పుల కోసం. ఈ రెండోది బిందె నిండేదాకా ఆగదు, ఎప్పటి మాట అప్పుడే వదిలేస్తుంది. 1970లలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు అచ్చు అక్షరాలు కూర్చే యంత్రానికి ప్రోగ్రాము మాటల్ని తిప్పితే, తప్పుల సందేశాలు కూడా అందంగా అచ్చుపడి వచ్చి ఖరీదైన కాగితం దండగయ్యేదట. తప్పు మనిషి కళ్ళ ముందు పడాలి గాని కాగితం మడతల్లో కాదని, దానికి వేరే దారి వేశారంటారు. ఆ రెండో కాలవ ఇంతకాలమూ నా ప్రోగ్రాములో ఉంది. నేను వాడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారికి ఇదంతా చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ, "చివర కనబడ్డవాడే దొంగ. మీ నాయనమ్మ న్యాయం" అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

మా నాయనమ్మ సంగతి ఆయనకి నేనే ఎప్పుడో చెప్పాను. నాకు ఆరేళ్ళప్పుడు మా తమ్ముడి వెండి ఉగ్గుగిన్నె పోయింది. ఇల్లంతా వెతికారు. ఆఖరున దొడ్లో కనబడ్డ మనిషెవరు? అంట్లు తోమే ఆవిడ. నాయనమ్మ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. మర్నాటి నించి గిన్నెలు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీసుకుంది. అంతే. వారం తిరక్కుండా ఆవిడ మానేసింది. మూడు నెలల తరవాత కుడితి గోళెం కడుగుతుంటే అడుగున, మడ్డిలో, నల్లగా ఉగ్గుగిన్నె. మిగిలిన ఉగ్గుతో సహా గిన్నెని గోళెంలో జారవిడిచింది ఎవరో కాదు, నాయనమ్మే! మా అమ్మ ఆ సాయంత్రం పసుపూ కుంకుమా పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళి, చేతులు పట్టుకుని చెప్పుకుంది. ఆవిడ బొట్టు పెట్టించుకుంది, మంచినీళ్ళిచ్చింది. పనికి మాత్రం మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు అందరి డబ్బూ బ్యాంకుల్లో పడింది, వ్రతానికి ముందే. మా కుర్రాడు మొహం చిన్నబుచ్చుకుని, "నేను చెప్పనా మేడమ్ వాళ్ళకి సారీ?" అన్నాడు. "పక్కన పెట్టమన్నది నేను. ప్రోగ్రాము రాసింది నేను. నువ్వెందుకు చెప్తావు?" అని, సెక్రటరీ గారి చేత ముగ్గురితోనూ మాట్లాడాను. 206, 207 వాళ్ళు మగవాళ్ళు. "పోనీలెండి మేడమ్, డబ్బు వచ్చిందిగా" అన్నారు. 205 నంబరావిడకి చెప్పాను. తప్పు మీది కాదమ్మా, నాది, నా లెక్కది, అన్నాను. బిందెల గోల చెప్పలేదు. ఆవిడ అంతా విని, కాసేపు మాట్లాడలేదు.

తరవాత నెమ్మదిగా అంది: "మీరు మంచోరమ్మా. కానీ ఈ మాట నాకు చెబితే ఏం లాభం? నేను నీళ్ళు కలపలేదని నాకు ముందే తెలుసుగా. పొద్దున్నే అందరూ క్యాన్లు పట్టుకుని నిలబడతారు చూడండి, అప్పుడు చెప్పించండి."

నాకు నోట మాట రాలేదు. యాభై ఏళ్ళ బాణం గుర్తు గురించి నాకు తెలియని దాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. మాట నిజమైతే చాలదు, అది ఎటు వెళ్ళాలో అటు వెళ్ళాలి. మా అమ్మ చేసిన పొరపాటు కూడా అదే. నింద దొడ్లో నలుగురి ఎదుటా పడింది. క్షమాపణ మాత్రం సాయంత్రం వేళ, తలుపు దగ్గరికి వేసి, ఆ ఒక్క మనిషి చెవిలో.

ఆ మర్నాడు ఆరున్నరకి సెక్రటరీ గారు పాల కేంద్రంలో ఫోను గట్టిగా వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచారు. క్యాన్ల చప్పుడు వినబడుతోంది. నేను చెప్పాను. 205, 206, 207 ఖాతాల్లో ఏ తేడా లేదు, లెక్క రాసిన నాదే తప్పు, అని. ఒకసారి చెప్తే చాలదేమోనని రెండుసార్లు చెప్పాను. గోడ మీద కాగితం చింపించి ఇంకో కాగితం అంటింపించాను. అవతల ఎవరో ముసలాయన, "మరి మా డబ్బు ఆలస్యమైనందుకు ఒడ్డీ ఇస్తావా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఆవిడ నవ్వు ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే అనుకుంటున్నాను.

ఫోను పెట్టేసి ఇటు తిరిగితే మా వారు కాఫీ కప్పుతో నిలబడి ఉన్నారు.

"నిన్న రాత్రి నించి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను" అన్నారు.

"బిందె నిండేదాకా ఆగకండి, చెప్పెయ్యండి" అన్నాను.

"పాలు అయిపోయాయి. ఇది డికాక్షనే."